నా పేరు మీద పోసిన నెయ్యి

మా అత్త మంగ్లీ అబద్ధం ఆడదని తండాలో పేరు. ఎవరి మేకలు ఎవరి చేలో పడ్డా, అన్నదమ్ముల మధ్య పొలం గట్టు జరిగినా "మంగ్లీని అడగండి" అనేవాళ్లు. ఆమె తల ఊపిందంటే తగువు అక్కడితో ఆఖరు. అలాంటి మనిషి ఒకే ఒక్క అబద్ధం ఆడితే ఎవరు అనుమానిస్తారు? రెండేళ్లు నడిచింది ఆ అబద్ధం. అందులో చచ్చిపోయిన మనిషిని నేను. పేరు కల్యాణి. భూపాలపల్లిలో ఒక హాస్టల్లో వంట చేస్తాను. రోజుకు నూటయాభై మందికి అన్నం వారుస్తాను. నిక్షేపంలా బతికే ఉన్నాను.

మేం లంబాడీలం. మా ఇంటి మాట వేరు. అమ్మను యాడి అంటాం, నాయనను బాపు అంటాం, నాయనమ్మను దాదీ అంటాం. అలాంటి కొన్ని మాటలు తప్ప మిగతా ముచ్చటంతా తెలుగులోనే చెప్తాను. మా అత్త మంచి చెప్పకుండా చెడు చెప్తే నా నోరు పడిపోతుంది, కాబట్టి ముందు మంచే చెప్తాను.

రఘునాథపల్లి దగ్గరి తండా నుంచి పందొమ్మిదేళ్లకు పెద్దవంగర దగ్గరి ఈ తండాకు కోడలిగా వచ్చాను. నాకు ఏడేళ్లప్పుడే అమ్మ పోయింది. ఇంటి పని నేర్పినవాళ్లు లేరు. జొన్నరొట్టె చేయబోతే పెనం మీదికి చేరేలోపే మూడు ముక్కలయ్యేది. ఆ ముక్కలు మంగ్లీ తన పళ్లెంలో వేసుకుని, తను చేసిన గుండ్రటి రొట్టెలను "మా కోడలు చేసింది" అని అందరికీ పెట్టేది. ఆలోచిస్తే అదీ అబద్ధమే. అప్పుడు మాత్రం నాకు ఎంత తీపిగా ఉందో చెప్పలేను. అమ్మ దొరికింది అనుకున్నాను.

తండాలో ఎవరింట్లో భోగ్ పెట్టినా మంగ్లీ ఉండాల్సిందే. భోగ్ అంటే ఇంత నిప్పు పరిచి, అందులో బెల్లం అన్నం వేసి, నెయ్యి పోసి, మా దేవుడు సేవాభాయాకు మన గోడు చెప్పుకోవడం. అందరూ భయం భయంగా చెప్పుకుంటే ఈమె మాత్రం గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఓ సేవాభాయా, పోయినసారి చెప్పిన పనే ఇంక కాలే. జర ఇటు చెవి పెట్టు" అనేది. పిల్లలంతా ఆమె చుట్టూ చేరేవాళ్లు. దండం పెట్టడం వాళ్లకు నేర్పింది ఆమే. "కండ్లు మూసుకోండ్రి. ఒక్కటే అడగాలె. నాలుగు అడిగితే దేవునికి పరేషాన్ అయితది. అడిగినంక మల్ల మల్ల అడగొద్దు, ఆయన చెవిటోడు గాదు." పిల్లలు కిలకిల నవ్వేవాళ్లు, అయినా కళ్లు గట్టిగా మూసుకునేవాళ్లు.

నా పెనిమిటి ప్రేమ్‌చంద్ ట్రాక్టర్ నడిపేవాడు. మనిషి నెమ్మది. కూతురు తొర్రూరు దవాఖానలో పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న నర్సు పేరు సుష్మిత అని తెలుసుకుని, ఆ పేరే పెట్టుకొచ్చాడు. "నర్సు పేరెందుకురా, మీ నాయినమ్మ పేరు లేదా?" అని మంగ్లీ నెలరోజులు అలిగింది. తర్వాత ఆ పిల్లను నేల మీద దింపితే ఒట్టు. సుష్మితకు మూడేళ్లు నిండిన ఏడాది, వడ్లు వేసుకుని వస్తూ కాలువ కట్ట మీద ట్రాక్టర్ బోల్తా పడింది. ప్రేమ్‌చంద్ అక్కడికక్కడే పోయాడు.

పిల్ల అడిగింది, "దాదీ, బాపు ఏడికి పోయిండు?" అని. మంగ్లీ కన్నకొడుకు పోయిన మనిషి, అయినా పిల్లను ఒళ్లో వేసుకుంది.

"పైకి పోయిండు బిడ్డా. ఆడ సేవాభాయా ఉంటడు. మీ తాత ఉంటడు. మన ఆవులన్ని ఉంటయి. ఆడ ఎండ కొట్టది, ఆకలి కాదు."

"ట్రాక్టర్ ఉంటదా?"

"ట్రాక్టర్ ఉండది. ఆడ అందరు మంచిగ నడుస్తరు."

పిల్ల ఊపిరి పీల్చుకుంది. అది చూసి నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. స్వర్గమంటే ఏమిటో నాకూ తెలియదు, కానీ ట్రాక్టర్ లేని చోటని ఆ రోజు గట్టిగా నమ్మాను.

ఆ దీపావళికి కొడుకు పేరు నిప్పులో పిలవాల్సి వచ్చింది మంగ్లీకి. మాకు అమావాస్య దాటిన మర్నాడు పొద్దున పెద్దలకు పెట్టే ఆచారం. ధబుకార్ అంటాం. గడప ముందు నిప్పులు పరుస్తారు. ఇంటి పెద్ద చనిపోయినవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఒక్కో పేరుకు ఇంత బెల్లం అన్నం నిప్పులో వేసి నెయ్యి పోస్తారు. మంట లేస్తే ముట్టిందని అర్థం. ఆ నిప్పు ముందు బతికున్న మనిషి పేరు పొరపాటున కూడా ఎత్తకూడదు. ఎత్తితే వాళ్లను బతికుండగానే కాల్చినట్టు. ఆటకు అన్నా పిల్లల వీపు చిట్లుతుంది. మర్నాడు సుష్మిత క్రీమ్ బిస్కెట్ తీసుకొచ్చి పొయ్యిలో పడేసింది. ఎందుకే అంటే "బాపుకు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఏడాది తిరగ్గానే తండా పెద్ద తుల్సీరాం నాయక్ కబురు పెట్టాడు. మాలో మొగుడు పోయిన పిల్లను మరిదికి కట్టబెట్టడం పాత అలవాటు. ఇల్లు చెదరదు, పిల్లకు తండ్రి దొరుకుతాడు అంటారు. మరిది నరేందర్‌కు అప్పుడు ఇరవై. నేను ఆ ఇంటికి వచ్చినప్పుడు వాడు ఏడో తరగతి. వాడి బడి అంగీలు నేనే ఉతికాను, పేలు తీశాను, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేశాను. వాణ్ని మొగుడనుకోవడం నా వల్ల కాలేదు. వాడూ తల దించుకుని చెమటలు కక్కుతున్నాడు. అప్పుడు నోరు విప్పింది మంగ్లీనే.

"నాయక్, ఆడు దానికి కొడుకు లెక్క. నా ఇంట్ల గసొంటి లగ్గం కాదు" అంది. పంచాయతీ ముగిసింది. ఆ రాత్రి ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాను. "ఛీ లే, నీ ముక్కు చీమిడి నా కాళ్లకు అంటుతాంది" అని తిట్టింది. ఇంత చేసిన మనిషి నన్ను నమ్మించి గొంతు కోస్తుందని కలలో అయినా అనుకుంటానా?

పొలం లేదు, కూలితో నలుగురం బతకడం కష్టమై హాస్టల్ వంట పనికి భూపాలపల్లి వెళ్లాను. పిల్ల మంగ్లీ దగ్గరే ఉంది. నెల నెలా వచ్చి రెండు రోజులుండి వెళ్లేదాన్ని. హాస్టల్ నీళ్ల మోటారు తరచూ కాలిపోయేది, బాగుచేయడానికి రాజ్‌కుమార్ అనే వైండింగ్ మేస్త్రీ వచ్చేవాడు. మా కులం కాదు. మంచి మనిషి. ఆర్నెల్లకు "నీకు పిల్ల ఉన్నదని తెల్సు. ఇద్దర్ని రమ్మంటున్న" అన్నాడు. ఆ 'ఇద్దర్ని' అన్న మాటకే ఒప్పుకున్నాను. పెళ్లి చేసుకుని, ముందు ఫోన్ చేసింది మంగ్లీకే.

ఆమె అంది, "ఏడాది దాక తండాకు రాకు కల్యాణీ. ఇక్కడ జనం నిప్పుల మీద ఉన్నరు. నోళ్లు సల్లబడనియ్యి. పిల్లను నేనే తోల్కొచ్చి నీ చేతుల పెడత. సేవాభాయా మీద ఒట్టు."

"పిల్ల నన్ను మర్చిపోతదత్తా."

"ఎట్ల మర్చిపోతది? పొద్దు మాపు నీ పేరే తీస్త. నీ ముచ్చటే చెప్త."

ఆ మాట మాత్రం తప్పలేదు. పొద్దున, సాయంత్రం, నా పేరే తీసింది.

ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. పిల్లకు ఇవ్వమంటే పడుకుందనో, ఆడుకోవడానికి పోయిందనో, సిగ్గుపడుతోందనో చెప్పేది. కానీ పిల్లకు ఏం కావాలో మాత్రం వివరంగా చెప్పేది. "ఎర్ర గౌను అడుగుతాంది, చేతులకు కుచ్చులు ఉండాల్నంట." "నడుస్తుంటె లైట్లు ఎలుగుతయి సూడు, గా చెప్పులు కావాల్నంట." "రంగు పెన్సిళ్లు అడిగింది, పన్నెండు ఉన్నయి." అడిగిన వారంలో పంపేదాన్ని. పార్సిల్ పెద్దవంగరలో రాజలింగం సేటు కిరాణా దుకాణానికి వెళ్లేది, మంగ్లీ పోయి తెచ్చుకునేది. ఒకసారి సేటు ఫోన్‌లో నవ్వుతూ అన్నాడు, "మీ పిల్లకు భక్తి శానా ఎక్కువమ్మా. డబ్బా సూడంగనే చెప్పులిడిసి దండం పెట్టింది" అని. నేనూ నవ్వాను. మొద్దును కదా, నవ్వాను. మంగ్లీ దగ్గర పెరుగుతున్న పిల్ల, డబ్బాకు కాకపోతే దేనికి దండం పెడుతుంది అనుకున్నాను.

ఏడాది అయింది. తండాలో పిల్లలకు అమ్మవారు పోసింది, ఇప్పుడు కదిలించొద్దు అంది. తర్వాత మిర్చి ఏరే రోజులు, తీరిక లేదంది. తర్వాత నాయక్ ఇంకా గుర్రుగా ఉన్నాడంది. నిజం చెప్పాలంటే, రావద్దంటే నేను ఆగిపోయాను. బస్సులు లేక కాదు. తండాలో ఆడవాళ్ల చూపులు గుర్తొస్తే సంచి సర్దబోయి మానేసేదాన్ని. ఒట్టు వేసింది కదా, తనే తీసుకొస్తుంది కదా అని ఆమె మాట చాటున దాక్కున్నాను. బాధగా ఉందని రాజ్‌కుమార్‌తో రోజూ అనేదాన్ని. ఉంది కూడా. కానీ బస్సెక్కేంత లేదు.

రెండో ఏడు దసరా పోయాక ఆయనే కోప్పడ్డాడు. "ఆరేండ్లు నిండినయి పిల్లకు. ఎవరో తెస్తరని కూసుంటవా? నీ పిల్ల, నువ్వే పోయి తెచ్చుకో" అన్నాడు. తనూ వస్తానంటే వద్దన్నాను, ఆయన్ను చూస్తే తండా రెచ్చిపోతుందని. మంగ్లీకి చెప్పలేదు. చెప్తే మళ్లీ ఏదో అడ్డం చెప్తుంది. దీపావళి అమావాస్య మర్నాడు చీకటితోనే మొదటి బస్సెక్కి, హనుమకొండలో ఒకటి, తొర్రూరులో ఒకటి మారి, పదిన్నరకు తండాలో దిగాను.

మంగ్లీ ఊళ్లో అందరిళ్లలో నెయ్యి పోసి, తన ఇంటికి ఆఖరున వస్తుంది. ఎప్పుడూ అంతే. నేను మలుపు తిరిగేసరికి మా గడప ముందు నిప్పులు ఎర్రగా ఉన్నాయి. నరేందర్ చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మంగ్లీ గొంతుక్కూర్చుంది. ఆమె పక్కనే నేను పంపిన ఎర్ర గౌనులో నా బిడ్డ, చేతులు జోడించి, కళ్లు బిగించి మూసుకుని ఉంది. ఎంత పొడుగైంది! కాళ్లు సన్నగా, జడలు రెండు. పరుగెత్తి ఎత్తుకుందామనుకున్నాను. పూజ మధ్యలో పలకరించొద్దని ఆగాను.

మంగ్లీ ముందు మా మామ పేరు పిలిచింది. అన్నం వేసి నెయ్యి పోసింది. ప్రేమ్‌చంద్ పేరు పిలిచింది. నేనూ చేతులు జోడించాను. మంట లేచింది. మంగ్లీ మళ్లీ పిడికిట్లోకి అన్నం తీసుకుంది.

"కల్యాణీ" అని పిలిచింది.

నన్ను చూసి పిలిచిందనుకుని "ఆ" అన్నాను. ఆమె నా వైపు తిరిగి లేదు. అన్నం నిప్పులో పడింది, నెయ్యి పడింది. మంట మోకాలెత్తు లేచింది. నా బిడ్డ కళ్లు తెరవకుండానే "ముట్టింది దాదీ, యాడికి ముట్టింది" అంది సంబరంగా.

అప్పుడు తలెత్తింది మంగ్లీ. చూసింది. మరుక్షణం చెయ్యి నిప్పులో పెట్టింది. నా పేరున వేసిన ముద్దను వేళ్లతో వెనక్కి లాగేస్తోంది. మెతుకులు చేతికి అంటుకుని కాలుతున్నా ఆపడం లేదు. నరేందర్ చెంబు నీళ్లు ఆమె చేతి మీద గుమ్మరించాడు. నిప్పులు చుయ్యిమన్నాయి. నేను మాత్రం ఒక్క అడుగు ముందుకు వేయలేదు. చెయ్యి కాలిందా అని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

సుష్మిత కళ్లు తెరిచింది. నా వైపు చూసింది, ఇంట్లో గోడ వైపు చూసింది. గోడ మీద మా పెళ్లి ఫొటో, అద్దం మీద నా నుదుట కూడా బొట్టు, నా మెడ మీదుగా కూడా దండ. మళ్లీ నా వైపు చూసింది. భయపడుతుందేమో అనుకున్నాను. ఎందుకు భయపడుతుంది? మొహం వెలిగిపోయింది.

"దాదీ! వచ్చింది! నువ్వు సచ్చినోళ్లను రమ్మని అడగొద్దన్నవు గదా, నేను మనసుల అడిగిన. వచ్చింది!" అని ఎగిరింది. వచ్చి నా చీర పట్టుకుంది. ఆ తర్వాత నా వెనక బాట మీదికి తొంగి చూసింది. "బాపు ఏడి? ఎనుక వస్తున్నడా?"

నాకు అప్పటికి మొత్తం అర్థమైంది. గౌను, చెప్పులు, పెన్సిళ్లు. పిల్ల కళ్లు మూసుకుని నన్ను అడిగేది, మంగ్లీ చాటుకు పోయి ఫోన్‌లో నాకు చెప్పేది, నేను పంపేదాన్ని, అవి పైనుంచి దిగేవి. దండం పెడితే యాడి పంపుతుంది అని రెండేళ్లు ఆ పిల్లకు నేర్పారు. అందులో సగం పని నా చేతులతోనే చేయించారు.

"నేను సచ్చిన్నా అత్తా?" అని అరిచాను. "నా పెనిమిటి పక్కన నన్ను పండవెడ్తవా? నా బిడ్డ ముంగట నన్ను కాల్చినవా? నువ్వు నాకు అమ్మవనుకున్న!"

చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒక్కరి మొహంలో ఆశ్చర్యం లేదు. నరేందర్ నేల చూస్తూ అన్నాడు, "తండంత తెల్సు వదినా. అమ్మ అందరితోని ఒట్టేయించుకున్నది, పిల్లకు ఎవరు చెప్పొద్దని."

"నీకు తెల్సా?"

"తెల్సు."

పేలు తీసి పెంచాను వాణ్ని. ఒక్క ఫోన్ చేయలేకపోయాడు.

మంగ్లీ తడిసిన చేతిని కొంగులో చుట్టుకుంది. తలెత్తి మాట్లాడింది, అదే గొంతు, నాయక్ ముందు నా కోసం లేచిన గొంతు. "నువ్వు మనువు పోయినవని తెలిసిన్నాడు పోరగాండ్లు దీన్ని ఏమన్నరో ఎరుకేనా? మీ యాడి మొగోనితోని లేసిపోయిందే అన్నరు. నాలుగు దినాలు బువ్వ తినలే. యాడి నన్ను ఎందుకు ఇడిసిపెట్టింది దాదీ అని రాత్రంత ఒక్కటే ఏడుపు. నేనేం చెప్పాలె? సచ్చిపోయింది బిడ్డా, బాపు కాడికి పోయింది అన్న. గప్పుడు తిన్నది. సచ్చినోళ్లను ఎవరు తిట్టరు కల్యాణీ."

"నేను వస్తనని తెల్వదా నీకు?"

"ఏడాదన్న. రెండేండ్లాయె. రమ్మనకపోతె రాకుండ ఉంటదా కన్నతల్లి అనుకున్న. నువ్వు రాకుండనే ఉన్నవు. ఇగ రావనుకున్న." గొంతు తగ్గించి అంది, "రావొద్దని మొక్కిన గూడ. నా కొడుకు పాయె. నాకు గీ పిల్ల ఒక్కతే మిగిలింది."

చెంప మీద కొట్టినట్టయింది. ఆమె చేసింది ద్రోహమే, పచ్చి మోసమే. కానీ ఆమె అన్న ఒక్క మాట అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ కోపం కూడా ఆమె మీదే పోసి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లన్నీ ఇక్కడ రాయను.

సుష్మిత మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. పట్టుకున్న చీర ఎప్పుడు వదిలిందో తెలియదు. నేను ఆమె ముందు కూర్చున్నాను. మంగ్లీ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను వినలేదు. ఇంట్లో ఒక్కరైనా ఈ పిల్లకు నిజం చెప్పాలి అనుకున్నాను. నిజం చెప్తే అన్నీ చక్కబడతాయనుకున్నాను, పిచ్చిదాన్ని.

"బిడ్డా, నేను సచ్చిపోలే. పైనుంచి రాలే. భూపాలపల్లి నుంచి వచ్చిన."

"గది పైన ఉంటదా?"

"కాదు. మన ఊరు లెక్కనే. బస్సు పోతది."

"ఎన్ని దినాలు పోతది బస్సు?"

"పొద్దుగాల ఎక్కితే పగటి బువ్వ యాళ్లకు వస్తరు" అన్నాను.

ఆలోచించింది. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. "మరి గౌను?"

"నేనే కొని పంపిన."

"దేవుడు ఇయ్యలే?"

"నేనే పంపిన బిడ్డా."

"నేను అడిగింది దేవునికి ఇనవడలే?"

మంగ్లీ వైపు చూశాను. దేవుడితో గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడే మంగ్లీ నేల మీద గీతలు గీస్తోంది. పిల్ల నన్ను సూటిగా చూసింది. వాళ్ల నాన్న కళ్లే, అదే నెమ్మది.

"పగటి బువ్వకు వచ్చేదానివి ఎందుకు రాలే?"

దాదీ వద్దన్నదని చెప్పాను. చెప్తుండగానే అది ఎంత చచ్చు మాటో నాకే తెలిసింది. అత్త రావద్దందని నూటయాభై మందికి వంట చేసుకుంటూ కూర్చున్న తల్లిని ఆ పిల్ల ఎంతసేపు చూసిందో. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మెల్లగా అడిగింది,

"అయితే బాపు ఏ ఊళ్లె ఉన్నడు?"

"బాపు నిజంగ సచ్చిపోయిండు బిడ్డా." నేను, మంగ్లీ, ఇద్దరం ఒక్కసారే అన్నాం. పొద్దున్నుంచి మేం ఇద్దరం కలిసి అన్న మాట అదొక్కటే.

"యాడి గూడ సచ్చిపోయిందన్నరు గదా" అంది సుష్మిత.

నరేందర్ వచ్చి చెప్పాడు, ట్రాక్టర్ సంగతి చెప్పాడు, తనే మోసుకొచ్చానని చెప్పాడు. చుట్టూ నిలబడినవాళ్లంతా అవునవును అన్నారు. వాళ్లంతా రెండేళ్లుగా నా చావుకు కూడా అవునవును అన్నవాళ్లే. పిల్ల ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ పోయింది, ఎవరి దగ్గరా ఆగలేదు. చివరికి నా దగ్గరికి వచ్చి, "నేను నీతోని బస్సుల వస్త" అంది.

రెండేళ్లు ఈ మాట కోసమే కదా బతికాను. మంగ్లీ బట్టలు సర్దింది, ఎడం చేత్తో. పిల్లను దగ్గరికి తీసుకోబోతే పిల్ల వెనక్కి జరిగింది. "సేవాభాయాకు దండం పెట్టి పో బిడ్డా" అంటే వినిపించుకోలేదు. మంగ్లీ గడప మీద కూలబడింది. నోరు తెరుచుకుని ఏడుస్తున్న ఆమెను చూసి నాకు జాలి కలగలేదు. కలిగిందని చెప్తే నేనూ అబద్ధమాడినట్టే.

తొర్రూరు దాకా పిల్ల కిటికీకి మొహం ఆనించి, బాట పక్కన నడిచే ప్రతి మగవాణ్నీ చూస్తోంది. నాకు మెల్లగా అర్థమైంది, నా బిడ్డ నాతో రావడం లేదు. "బాపు గీ ఊళ్లెనా?" అని తొర్రూరులో అడిగింది. "కాదు బిడ్డా, బాపు లేడు" అన్నాను. "గట్లనే అంటరు మీరు" అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

హనుమకొండ బస్టాండులో దిగాక చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. గళ్ల అంగీ వేసుకుని, కాస్త వంగి నడుస్తున్న మనిషి వెనక పోయి అంగీ పట్టి లాగింది. అతను తిరిగాడు. ఎవరో. పాపం, "ఏంది బిడ్డా?" అని అడిగాడు. పిల్ల అతని మొహం నిదానంగా చూసి, నా దగ్గరికి నడిచి వచ్చింది.

"గీయన కాదు" అంది. తర్వాత నా చెయ్యి తనే పట్టుకుంది, ఆ రోజు మొదటిసారి. "ఇంకో ఊరు ఉన్నదా యాడీ?"

లేదని చెప్పాలి. పొద్దున తండా అంతా వినేటట్టు నిజం నిజం అని అరిచినదాన్ని. ఆ చిన్న చెయ్యి వేడిగా ఉంది, గట్టిగా పట్టుకుంది. లేదంటే వదిలేస్తుంది.

"ఉన్నది బిడ్డా" అన్నాను.

భూపాలపల్లి బస్సు కదలబోతోంది. ఇద్దరం పరుగెత్తి ఎక్కాం.